పేర్ల జాబితాతో మొదలయ్యే వ్యాపారం

నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో కొత్తగా చేరిన మనిషి చేతికి సరుకు కంటే ముందు ఒక తెల్ల కాగితం వస్తుంది. తెలిసినవాళ్ల పేర్లు వంద రాయమంటారు. మొదటి ఇరవై పేర్లకు ఆలోచించే పనే ఉండదు. మేనమామ, తోడికోడలు, పక్కింటి ఆంటీ, పదో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు వరసగా వచ్చేస్తారు. ఆ తర్వాత కలం ఆగితే ఎదురుగా కూర్చున్న అప్‌లైన్, అంటే తనను చేర్పించిన మనిషి, అందుకుంటాడు. పెళ్లి శుభలేఖలు ఎవరెవరికి పంచారు? పిల్లల స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఎవరున్నారు? పాత ఆఫీసు నంబర్లు ఫోన్‌లో ఇంకా ఉన్నాయా? టైలరు, ఇంటి ఓనరు, పాలు పోసే ఆయన కూడా కాగితం మీదికి ఎక్కుతారు. జాబితా పూర్తయ్యాక పేర్ల పక్కన గుర్తులు పెట్టిస్తారు. ఎవరి దగ్గర నాలుగు డబ్బులున్నాయి, ఎవరికి డబ్బు అవసరం ఉంది, మన మాట కాదనలేనిది ఎవరు.

ఈ మూడో గుర్తులోనే వ్యాపారం గుట్టంతా ఉంది.

ఏ కంపెనీ అయినా జనంలో పేరు తెచ్చుకోవాలంటే ఏళ్లు పడుతుంది. సరుకు నాణ్యంగా ఉండాలి, ధర అందుబాటులో ఉండాలి, తేడా వస్తే బాధ్యత తీసుకోవాలి. గొలుసుకట్టు కంపెనీ ఆ దారిలో అంత దూరం నడవక్కర్లేదు. ఒక స్కూల్ టీచరు పాతికేళ్లుగా ఊళ్లో సంపాదించుకున్న గౌరవం, ఒక పెద్దకోడలు అత్తింటివారి దగ్గర నిలబెట్టుకున్న మాట, ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడంటే ఊరివాళ్లకున్న మురిపెం దానికి రెడీమేడ్ పెట్టుబడి. ‘మా వెంకటన్న చెప్పాడు కదా’ అన్న ఒక్క మాట మీద వేలు, లక్షలు చేతులు మారతాయి. తీరా లెక్క తప్పిన రోజున కంపెనీ బోర్డు మార్చుకుంటుంది, ఇంకో రాష్ట్రంలో ఇంకో పేరుతో తెరుచుకుంటుంది. వెంకటన్న మాత్రం అదే ఊళ్లో, అదే వీధిలో, అవే పెళ్లిళ్లకు వెళ్తూ బతకాలి. నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు కంపెనీల ప్రతిష్ఠ గురించే చర్చ జరుగుతోంది. అసలు పణంగా పెడుతున్నది సభ్యుల పరువు. ఆ పరువుకు చట్టంలో గానీ కంపెనీ ఒప్పంద పత్రంలో గానీ ఎక్కడా విలువ కట్టలేదు.

పరిచయాల మీద అమ్మడం తప్పని ఎవరూ అనరు. ఇంట్లోనే చీరల వ్యాపారం చేసే మహిళలు మన కాలనీల్లో ఎప్పటినుంచో ఉన్నారు. ధర్మవరం నుంచో, మంగళగిరి నుంచో, సూరత్ నుంచో సరుకు తెచ్చి తెలిసినవాళ్లకే వాయిదాల మీద ఇస్తారు. రంగు పోతే చీర వెనక్కి తీసుకుంటారు, లేకపోతే వచ్చే నెల ఆ గుమ్మం తొక్కలేరు. కొన్నావిడను ‘నువ్వూ నా కింద చేరి చీరలు అమ్ము, నీ కింద ఇంకో ఐదుగురిని పెట్టు’ అని వాళ్లు అడగరు. అడిగితే తమ బేరానికే గండి. కొనేవాళ్లు కొనేవాళ్లుగా మిగిలితేనే వాళ్లకు గిట్టుబాటు. గొలుసులో ఇది తలకిందులవుతుంది. కొన్న మనిషిని అమ్మే మనిషిగా మారిస్తేనే పైవాళ్లకు కమీషన్ పెరుగుతుంది. అలా మార్చుకుంటూ పోతే చివరికి కొనుగోలుదారు అనే మనిషే కనిపించడు. అందరూ సభ్యులే. సరుకు కొనేది వాళ్లే, వాడేది వాళ్లే, దాని మీద కమీషన్ కోసం ఎదురుచూసేదీ వాళ్లే.

నెలాఖరులో ఒక సభ్యురాలి ఇంట్లో ఏం జరుగుతుందో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఇరవై తొమ్మిదో తారీఖు సాయంత్రం అప్‌లైన్ ఫోన్ చేస్తుంది. ఈ నెల పాయింట్లు కొంచెం తగ్గాయని, అవి పూర్తి చేయకపోతే లెవెల్ పడిపోతుందని, కింది టీమ్ మీద వచ్చే కమీషన్ కూడా ఆగిపోతుందని చెబుతుంది. అమ్ముదామంటే అప్పటికే అందరినీ అడిగేశారు. దాంతో ఆమె తన డబ్బుతోనే ఇంకో ప్రొటీన్ డబ్బా, ఇంకో రెండు టూత్‌పేస్టులు, ఒక ఫేస్ క్రీమ్ ఆర్డర్ పెడుతుంది. అల్మరాలో కిందటి నెల డబ్బాలు సీలు కూడా తీయకుండా ఉన్నాయి. కంపెనీ పుస్తకాల్లో అది అమ్మకం. ఆమె ఇంట్లో అది ఖర్చు.

ఈ రంగం తన గురించి తాను చెప్పుకునే లెక్కల్లోనే ఈ సంగతి తెలిసిపోతుంది. ఇండియన్ డైరెక్ట్ సెల్లింగ్ అసోసియేషన్ సర్వే ప్రకారం 2022-23లో దేశంలో ఈ రంగం టర్నోవరు 21,282 కోట్ల రూపాయలు, క్రియాశీలంగా ఉన్న అమ్మకందారులు సుమారు 86 లక్షల మంది. భాగించి చూస్తే మనిషికి ఏడాదికి పాతిక వేల రూపాయలకు కొంచెం తక్కువ, అంటే నెలకు రెండు వేల చిల్లర. అదీ లాభం కాదు, మొత్తం అమ్మకం. అందులో సరుకు ఖరీదు, సెమినార్ టికెట్లు, బస్సు చార్జీలు, ఫోన్ ఖర్చు తీసేస్తే ఏం మిగులుతుందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. సగటు కాబట్టి పైన నలుగురికి లక్షలు వస్తున్నాయంటే, కింద లక్షల మందికి ఆ రెండు వేల అమ్మకం కూడా లేదనే అర్థం. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో 70 నెట్‌వర్క్ కంపెనీలు స్వయంగా ప్రకటించిన ఆదాయ వివరాలను పరిశీలించింది. చేరినవారిలో ఎక్కువమందికి ఏడాదికి 1,000 డాలర్లు, లేదా అంతకంటే తక్కువే వచ్చినట్టు తేలింది. చాలా పత్రాలు సభ్యులు పెట్టిన ఖర్చుల ఊసే ఎత్తలేదు.

‘ఐదుగురిని చేర్పించండి చాలు’ అనే మాటకూ హద్దుంది. ఒక్కొక్కరు ఐదుగురిని చేరిస్తే పదో మెట్టు మీద 97 లక్షల మంది, పదకొండో మెట్టు మీద 4 కోట్ల 88 లక్షలు, పన్నెండో మెట్టు మీద 24 కోట్లు దాటిపోతారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభా ఎనిమిదిన్నర కోట్లు. హోటల్ హాలులో ప్లాన్ చెప్పేటప్పుడు తెల్లబోర్డు మీద మూడు, నాలుగు మెట్ల దాకానే గీస్తారు.

ఆమ్‌వే సంగతి తెలుగువాళ్లకు మరీ దగ్గరది. 1959లో మిచిగాన్‌లో మొదలైన ఆ సంస్థ 1998లో భారత్‌లో అమ్మకాలు ప్రారంభించింది. కొన్నేళ్లలోనే న్యూట్రిలైట్ ప్రొటీన్ పౌడర్, గిన్నెలు తోమే డిష్ డ్రాప్స్ హైదరాబాద్, విజయవాడ మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. 2006లో ఆంధ్రప్రదేశ్ సీఐడీ దాని కార్యాలయాలపై దాడులు చేసి సీలు వేసింది. సంస్థ హైకోర్టుకు వెళితే 2007 జులైలో ధర్మాసనం పిటిషన్లు కొట్టేసింది. సభ్యులను చేర్చుకుంటూ పోయే కొద్దీ పైవారికి కమీషన్ ముట్టే ఆ పద్ధతి, 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం కిందికి వచ్చేలా ఉందని ప్రాథమికంగా అభిప్రాయపడింది. 2013లో కేరళ పోలీసులు, 2014 మేలో కర్నూలు పోలీసులు సంస్థ భారత విభాగం అధిపతిని అరెస్టు చేశారు. 2011లో హైదరాబాద్ పోలీసులు పెట్టిన కేసు ఆధారంగా 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) 757.77 కోట్ల రూపాయల ఆస్తులను తాత్కాలికంగా జప్తు చేసింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టులో ఫిర్యాదు దాఖలు చేసింది.

ఆ జప్తు సందర్భంగా ఈడీ చెప్పిన రెండు మాటలు ప్రతి ఇంట్లోనూ చర్చించుకోదగ్గవి. బయటి మార్కెట్‌లో పేరున్న కంపెనీల సరుకుతో పోలిస్తే ఆమ్‌వే సరుకుల ధరలు విపరీతంగా ఉన్నాయన్నది ఒకటి. సభ్యులైతే ఎలా ధనవంతులు కావచ్చో ప్రచారం చేయడం మీదే దృష్టంతా ఉందని, సరుకు మీద లేదన్నది రెండోది. ఇది పదేళ్లకు పైబడిన పాత కేసని, తాము చట్టానికి లోబడే నడుచుకుంటున్నామని, దర్యాప్తుకు సహకరిస్తూ వచ్చామని ఆమ్‌వే అంటోంది. తుది మాట కోర్టు చెప్పాలి. కానీ సరుకు మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కానే కాదు. ఆ ప్రొటీన్ పౌడర్ నాణ్యమైనదే అయి ఉండొచ్చు. దాన్ని అమ్మితే డబ్బొస్తుందన్న ఆశ లేకుండా, కేవలం వాడుకోవడానికి ఆ ధర పెట్టి కొనే మనిషి ఎక్కడైనా ఉన్నాడా అన్నదే ప్రశ్న.

ఆమ్‌వే విషయంలో కనీసం వాడుకోవడానికి ఒక వస్తువుంది. ఆ తర్వాత తెలుగు జిల్లాల మీద పడ్డ కొన్ని పథకాల్లో అది కూడా పేరుకే. 2010లో సింగపూర్ పేరు చెప్పి వచ్చిన స్పీక్ ఏషియా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ సర్వేలు నింపితే డబ్బులిస్తామంటూ 11,000 రూపాయల చొప్పున కట్టించుకుంది. హర్యానాలోని హిసార్ నుంచి నడిచిన ఫ్యూచర్ మేకర్ ఒక్కొక్కరి దగ్గర 7,500 తీసుకుంది, 2018లో సైబరాబాద్ పోలీసులు దాని నిర్వాహకులను పట్టుకున్నారు. నోయిడా కంపెనీ ఈబిజ్ 16,821 రూపాయలకు కంప్యూటర్ కోర్సుల ప్యాకేజీ అమ్మింది, అసలు ఆకర్షణ ఇంకొకరిని చేర్పిస్తే వచ్చే కమీషనే. 2019 మార్చిలో సైబరాబాద్ పోలీసులు దాని అధిపతిని అరెస్టు చేసేనాటికి దేశవ్యాప్తంగా లక్షల మంది చేరిపోయారు. వాళ్లలో విద్యార్థులు, అప్పుడప్పుడే చదువు ముగించిన నిరుద్యోగులు ఎక్కువ. హాస్టల్‌లో పక్క మంచం మీది మిత్రుడు చెబితే, ఇంట్లో ఫీజని చెప్పి తెప్పించుకున్న డబ్బు అటు వెళ్లిపోయిన ఇళ్లెన్నో. డబ్బు సంగతి అలా ఉంచినా, ఇరవై ఏళ్ల వయసులో స్నేహం మీద పోయిన నమ్మకం అంత తొందరగా తిరిగి రాదు.

క్యూనెట్ అనే మరో నెట్‌వర్క్ కంపెనీ వ్యవహారం ఇంకా బాధాకరం. దాని భారతీయ ఫ్రాంచైజీ విహాన్ మీద వచ్చిన ఫిర్యాదులపై 2019 ఆగస్టులో అప్పటి సైబరాబాద్ కమిషనర్ సజ్జనార్ ఆధ్వర్యంలో పోలీసులు 70 మందిని అరెస్టు చేశారు. ప్రచారంలో కనిపించిన సినీ ప్రముఖులకూ నోటీసులు వెళ్లాయి. తాము చేసేది సక్రమమైన డైరెక్ట్ సెల్లింగేనని కంపెనీ వాదిస్తూ వచ్చింది. 2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచాయి. ఐదో అంతస్తులో చిక్కుకుపోయి, పొగకు ఊపిరాడక ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు పల్లెల పిల్లలు వాళ్లు. పనిచేస్తున్నది క్యూనెట్‌తో ముడిపడిన ఆఫీసులో. ఉద్యోగమని నమ్మించి లక్షల్లో డబ్బు కట్టించుకున్నారని ఆ కుటుంబాల్లో కొందరు ఏడుస్తూ చెప్పారు. కూలి పనులు చేసుకునే తల్లిదండ్రులు అప్పు తెచ్చి పంపారు. మంటలకు కారణం, భవనంలో భద్రత లేకపోవడం వేరే కథ. కానీ ఆ పిల్లలు ఆ అంతస్తు దాకా ఎలా వచ్చారన్నది మాత్రం ఈ వ్యాపారానికి సంబంధించిన ప్రశ్నే. పేపర్లో ప్రకటన చూసి వచ్చేవాళ్లు ఇలాంటి చోట తక్కువ. తెలిసినవాళ్లు చెబితే వచ్చేవాళ్లే ఎక్కువ.

న్యాయంగా చెప్పాలంటే, ఈ రంగంలో అందరూ మోసగాళ్లు కారు. గడప దాటి ఉద్యోగం చేసే వీలులేని కొందరు మహిళలకు నాలుగు రూపాయల సొంత సంపాదన, పదిమంది ముందు మాట్లాడే ధైర్యం ఇక్కడే దొరికాయి. చేర్చుకున్నవారూ చాలామంది మనసా వాచా నమ్మి చేర్చుకున్నారు. తమ్ముడు బాగుపడాలనే అన్న చెప్పాడు. దుర్బుద్ధి లేని మనుషుల చేత ఇంత నష్టం చేయించగలగడమే ఈ పద్ధతిలోని ప్రమాదం.

సరైన వ్యాపారాన్నీ గొలుసు మోసాన్నీ ఎలా విడదీయాలన్నది అమెరికా చాలాకాలం కిందటే తేల్చుకోవాల్సి వచ్చింది. 1979లో ఆమ్‌వే కేసులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆదాయం గురించి సంస్థ అతిశయోక్తులు చెప్పిందంటూనే అది పిరమిడ్ (గొలుసు మోసం) కాదని తీర్పిచ్చింది. నెలలో కొన్న సరుకులో కనీసం 70 శాతం అమ్మితేనే బోనస్ ఇవ్వాలని, నెలకు కనీసం పదిమంది కొనుగోలుదారులకు అమ్మాలని, మిగిలిన సరుకును వెనక్కి తీసుకోవాలని సంస్థకు ఉన్న నియమాలు అందుకు ఆధారం. కాగితం మీది నియమాలు చాలవని తర్వాతి కేసులు చూపించాయి. 2016లో హెర్బాలైఫ్ 20 కోట్ల డాలర్లు చెల్లించి కమిషన్‌తో రాజీ చేసుకుంది. కేవలం వాడుకోవడానికి కొనేవాళ్లను, వ్యాపారం చేసేవాళ్లను వేరు చేసి లెక్క చూపాలని, అమ్మకందారులకిచ్చే కమీషన్లలో కనీసం మూడింట రెండు వంతులు నిజమైన కొనుగోలుదారులకు జరిగిన అమ్మకాల నుంచే రావాలని, వాటికి రుజువులుండాలని అందులో షరతులు పెట్టారు. పొద్దున్నే న్యూట్రిషన్ క్లబ్‌కు వెళ్లి షేక్ తాగే అలవాటున్న హైదరాబాద్, విజయవాడ వాసులకు ఆ కంపెనీ పేరు కొత్త కాదు. ఆ షరతులు మాత్రం అమెరికా వ్యాపారానికే పరిమితం.

మన దగ్గర 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు వచ్చాయి. పిరమిడ్ పథకాలను నిషేధించారు. చేరడానికి రుసుము తీసుకోకూడదన్నారు. అమ్మకందారు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా ఎవరింటికీ వెళ్లకూడదు. కంపెనీకి దేశంలో కార్యాలయం, ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. రాష్ట్రాలు నిఘా ఏర్పాటు చేయాలి. మంచివే. కానీ సభ్యుల్లో ఎందరు ఏడాదికి ఎంత సంపాదించారు, ఎందరు నష్టపోయి మానేశారు, అమ్మకాల్లో సభ్యులు కానివారు కొన్నది ఎంత అన్న మూడు లెక్కలను ఏటా జనం ముందు పెట్టాలని అందులో లేదు. ఆ మూడూ తెలుగులో, చేరే దరఖాస్తు మొదటి పేజీలో ఉంటే హోటల్ హాలు సెమినార్లలో సగం ఖాళీ అవుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల పౌరసరఫరాలు, వినియోగదారుల శాఖలు ఈ డిమాండ్‌ను ఢిల్లీ ముందు పెట్టాలి. నిజాయితీగా వ్యాపారం చేస్తున్న కంపెనీలు తమంతట తామే వెల్లడించొచ్చు. దాచుకోవడానికి ఏమీ లేని సంస్థకు అంతకు మించిన ప్రచారం దొరకదు.

బాధితులు ముందుకు రాకపోవడం మరో చిక్కు. బ్యాంకు మోసమైతే కేసు బ్యాంకు మీద పెడతారు. ఇక్కడ స్టేషన్‌కు వెళ్లి ‘నిన్ను చేర్పించింది ఎవరు’ అన్న మొదటి ప్రశ్నకే బావమరిది పేరు చెప్పాలి. చెల్లెలి కాపురం గుర్తొస్తుంది, నోరు పెగలదు. పైగా 1978 చట్టం నడిపినవాళ్లతోపాటు చేరినవాళ్లనూ, పాల్గొన్నవాళ్లనూ తప్పుచేసినవారిగానే చూస్తుంది. దాని కింద జైలు శిక్ష గరిష్ఠం మూడేళ్లు, జరిమానా గరిష్ఠం ఐదు వేల రూపాయలు. వందల కోట్లు పోగేసినవాడికీ అదే ఐదు వేలు, నలుగురిని చేర్పించి తనూ మునిగిన డిగ్రీ విద్యార్థికీ అదే భయం. కింది మెట్ల మీదివాళ్లు తమ డౌన్‌లైన్ (తమ కింద చేరినవాళ్ల) వివరాలతో సహా ఫిర్యాదు చేస్తే సాక్షులుగా పరిగణిస్తామని పోలీసులు బహిరంగంగా చెప్పగలిగితే చాలామంది నోళ్లు తెరుచుకుంటాయి.

డబ్బు వెనక్కి ఇప్పించే సంగతి కూడా ఇంతే ముఖ్యం. హెర్బాలైఫ్ కేసులో 2017 జనవరిలో దాదాపు మూడున్నర లక్షల మంది ఇళ్లకు చెక్కులు వెళ్లాయి. మన దగ్గర అగ్రిగోల్డ్ గొలుసు వ్యాపారం కాకపోయినా, ఊరి ఏజెంటు మీద నమ్మకంతో డిపాజిట్లు కట్టిన లక్షల కుటుంబాల కథే. ఆ కేసులో జప్తు చేసిన వేల కోట్ల ఆస్తులను బాధితులకు చేర్చేందుకు 2025లో ఈడీ కోర్టు అనుమతితో ఆంధ్రప్రదేశ్ సీఐడీకి అప్పగించే పని మొదలుపెట్టింది. మనీ లాండరింగ్ నిరోధక చట్టంలోనే అందుకు దారి ఉంది. గొలుసు కంపెనీల విషయంలో అది మరింత తేలిక కావాలి, ఎందుకంటే ప్రతి సభ్యుడికీ ఒక ఐడీ నంబరుంది, ఎవరు ఎవరి కింద చేరారో, ఎంత కట్టారో, ఎంత తీసుకున్నారో పైసలతో సహా కంపెనీ సర్వర్లలో నమోదై ఉంది. తేలిన కేసుల్లోనైనా ఆ రికార్డు దగ్గర పెట్టుకుని, కింది మెట్టు నుంచి పైకి చెల్లింపులు మొదలుపెట్టాలి. ఈబిజ్‌కు కట్టిన 16,821 రూపాయల్లో సగమైనా అధికారికంగా ఖాతాలో పడితే ఆ కుటుంబానికి దక్కేది డబ్బు మాత్రమే కాదు. చేర్పించిన అన్న, తమ్ముడి ఇంటికి మళ్లీ వెళ్లగలుగుతాడు.